ఆటల జాబులు: స్తంభం చాటు నుంచి వేసిన బాణం

ప్రశ్న: మేం ఆరుగురు మిత్రులం. ప్రతి ఆదివారం హనుమకొండలో ఒకరింట్లో చేరి బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ తలా ఒక పాత్రను నడిపే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్ ఆడుకుంటాం. పోయిన వారం ఖిలా వరంగల్‌ను మనసులో పెట్టుకుని మేమే గళ్ల పటంగా గీసుకున్న కోటలో పోరాటం నడిచింది. నా పాత్ర ఒక విలుకత్తె. ఆమె రాతి స్తంభం చాటు నుంచి రెండు గళ్లు బయటికి వచ్చి, బాణం వేసి, మళ్లీ రెండు గళ్లు వెనక్కి వెళ్లి చాటైంది. "నడిచి వేయి, లేదా వేసి నడువు, రెండు వైపులా నడిచి మధ్యలో వేస్తానంటే కుదరదు" అని కథ నడిపి తీర్పు చెప్పే మా గేమ్ మాస్టర్ పట్టుబట్టాడు. ఆమెను తిరిగి కొట్టే దారే శత్రువులకు లేకపోవడం అన్యాయమని ఆయన వాదన. టీ చల్లారిపోయింది కానీ వాదన తెగలేదు. ఎవరిది సరి?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

జవాబు: మీరు ఆడుతున్న పుస్తకం ప్రకారం మీదే సరి. అయితే మీ గేమ్ మాస్టర్ ఆ నియమాన్ని గాలిలోంచి పట్టుకురాలేదు. ఆయన నోటి నుంచి వచ్చింది అదే ఆట పాత ఎడిషన్ నియమం. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లోనూ, 2003లో దాన్ని సవరించి తెచ్చిన మూడున్నర ఎడిషన్‌లోనూ నడక ఒక పని, దాడి మరొక పని. ముందు ఏది చేసినా సరే, నడకను రెండు ముక్కలు చేసి మధ్యలో బాణం వేయడానికి మాత్రం షాట్ ఆన్ ది రన్ అనే ప్రత్యేక నైపుణ్యం సంపాదించుకోవాలి. అంతకు ముందు మరో మూడు నైపుణ్యాలు కూడా చేతిలో ఉండాలి. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ఆ గడప తీసేసింది. మీ వంతులో ఉన్న నడక దూరాన్ని దాడికి ముందు కొంత, తరువాత కొంత వాడుకోవచ్చు. ఒకే వంతులో రెండు దాడులు చేయగల యోధుడైతే ఆ రెండింటి నడుమ కూడా నడవవచ్చు. పాత పుస్తకం చదివి పెరిగినవారు కొత్త పుస్తకం తెరిచాక కూడా పాత నియమాన్నే నడిపించడం నేను చాలా బల్లల దగ్గర చూశాను. నేనూ కొన్ని నెలలు అలాగే నడిపించి, నా విలుకాళ్ల ఉసురు పోసుకున్నాను.

ఇక అన్యాయం అన్న మాట. దానికి జవాబు వంతు అంటే ఏమిటన్న దానిలోనే ఉంది. ఐదో ఎడిషన్‌లో ఒక రౌండు, అంటే అందరి వంతులూ ఒకసారి పూర్తవడం, ఆరు సెకన్లు. బల్ల చుట్టూ ఉన్నవారు ఒకరి తరువాత ఒకరు వంతు తీసుకున్నా, కథలో ఆ ఆరు సెకన్లు అందరికీ ఒకేసారి గడుస్తాయి. మీ విలుకత్తె బయటికి వచ్చినప్పుడు శత్రువు కొయ్యబొమ్మలా నిలబడి లేడు. మనమే అష్టాచెమ్మలో గవ్వలు వేసినట్టు వంతులవారీగా లెక్క పెడుతున్నాం. ఈ వంతు కొలత ఆటను బట్టి మారుతుంది. 1970ల చివర వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో రౌండు ఏకంగా ఒక నిమిషం, అందులో వింటికి రెండు బాణాలు. గర్ప్స్ అనే మరో పాత్రల ఆటలో వంతు ఒక్క సెకను. అక్కడ నడుస్తూ వేసేవాడికి గురి తగ్గుతుంది, ముందుగా గురిచూసి కూడబెట్టుకున్న లాభమూ పోతుంది. మీ విలుకత్తె రాక, పోక, బాణం మొత్తం ఆరు సెకన్లలో జరగడం నమ్మశక్యమే, కానీ ఒక్క సెకనులో కాదు.

శత్రువులకు దారి లేదన్నది కూడా నిజం కాదు. దారి పేరు రెడీ యాక్షన్. శత్రు విలుకాడు తన వంతులో బాణం వేయకుండా, "ఆమె స్తంభం చాటు నుంచి బయటికి రాగానే వేస్తాను" అని ముందే ప్రకటించి ఆగుతాడు. ఆమె బయటికి అడుగుపెట్టిన మరుక్షణం, ఆమె బాణం వింటిని వదలకముందే, తన రియాక్షన్, అంటే ఇతరుల వంతులో సైతం చేయగల ఒక్క పని, ఖర్చుపెట్టి వేస్తాడు. దీనికి మూల్యం ఉంది: ఆమె అసలు బయటికే రాకపోతే అతని వంతు వృథా అయినట్టే, వంతుకు రెండు బాణాలు వేయగలవాడు సైతం ఈ పద్ధతిలో ఒక్కటే వేయగలడు. ముగ్గురు విలుకాళ్లు ఇలా కాచుకుని కూర్చుంటే మీ ధైర్యం ఏ మాత్రమో తేలిపోతుంది.

రెండో దారి నేల. మీరు ఖిలాను చూసి పటం గీశామన్నారు. కానీ తోరణాల నడుమ నేలంతా చెదిరి పడి ఉండే చెక్కడపు రాళ్లను పటంలో గీశారా? ఆ రాళ్లను నడవడానికి కష్టమైన నేలగా లెక్కిస్తే ప్రతి అడుగుకూ రెండు అడుగుల నడక ఖర్చవుతుంది. ఒక గడి ఐదు అడుగులు. మామూలు నేల మీద మీ విలుకత్తెకు రాక పది, పోక పది, వెరసి ఇరవై అడుగులు. వంతుకు ఆమెకున్న ముప్పై అడుగుల నడకలో ఇంకా పది మిగులుతుంది. రాళ్ల మీద అదే దూరానికి నలభై కావాలి. అంటే బాణం వేశాక ఆమె ఒక్క గడి మాత్రమే వెనక్కి జరిగి, చాటుకు ఒక గడి దూరంలో బయటే నిలబడిపోతుంది. ఏ నియమాన్నీ మార్చకుండా, పటం మీద నాలుగు రాళ్లు గీసి మీ గేమ్ మాస్టర్ కోరుకున్నది సాధించవచ్చు.

మూడో దారి, దగ్గరికి వెళ్లి మీద పడటం. శత్రువు ఐదు అడుగుల లోపల నిలబడి ఉండగా బాణం వేస్తే రెండు పాచికలు వేసి తక్కువ పడినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. మామూలుగా ఇరవై ముఖాల పాచికపై పది గానీ అంతకు మించి గానీ పడితే తగిలే బాణానికి 55 శాతం అవకాశం ఉంటుంది. రెండు పాచికలతో అది 30 శాతానికి పడిపోతుంది. అతని అందుబాటులోంచి తప్పుకుని పోబోతే ఒక కత్తి వేటు అదనం. పూర్తిగా బయటికి రాకుండా ముప్పావు వంతు స్తంభం చాటునే ఉండి వేసే విలుకాడికి ఆర్మర్ క్లాస్, అంటే అతనికి దెబ్బ తగలాలంటే చేరాల్సిన సంఖ్య, ఐదు పెరుగుతుంది. అతని మీద వేసే బాణానికీ అదే లెక్కన అవకాశం 30 శాతమే అవుతుంది. అందుకే బయటికి రావడం కంటే స్తంభం అంచున నిలబడటమే కొన్నిసార్లు మేలు. ఒక్క మాట: చాటున ఉండటం వేరు, దాక్కోవడం వేరు. స్తంభం వెనక ఉన్నంత మాత్రాన ఆమె ఎక్కడుందో శత్రువు మరచిపోడు. దాక్కోవడానికి వేరే యాక్షన్, వేరే పాచిక ఉన్నాయి.

ప్రశ్న: మేం ఇంకా మూడున్నర ఎడిషనే ఆడుతున్నాం. రుద్రమదేవి కాలపు ఆశ్వికుల్లాంటి పాత్రలు మాకు ఇష్టం. పరుగెత్తే గుర్రం మీద నుంచి బాణం వేస్తే లెక్క ఎలా?
— ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: గుర్రం తన వేగానికి రెండింతల దూరం పోతుంటే మీ దాడి పాచికకు నాలుగు తగ్గించండి, నాలుగింతల వేగంతో దౌడు తీస్తుంటే ఎనిమిది తగ్గించండి. బాణం ఎక్కడి నుంచి వేసినట్టన్నది చాలామంది మరచిపోతారు: గుర్రం ఆ వంతులో పోయే దూరంలో సగానికి చేరిన గడిలో గుర్తు పెట్టి, అక్కడి నుంచి శత్రువుకు దూరం కొలవాలి. ఐదో ఎడిషన్‌లో గుర్రం మీద ఉన్నందుకు ఈ తగ్గింపులు లేవు.