"మళ్ళీ మంచి జన్మే ఎత్తుతారు" అని ఓదార్చబోయాను

ప్రశ్న: "అన్ని మతాల మూల విశ్వాసాలూ ఒకటే అంటారు. నిజమేనా?"

కాదు. పుస్తకాలు చదివి తేల్చిన సంగతి కాదిది. ఒకరిని ఓదార్చబోయి బోల్తా పడి తెలుసుకున్నాను.

మా నాన్న ఐసీయూలో ఉన్న రోజులవి. బయట హాల్లో వరసగా కుర్చీలు, రాత్రంతా ఆరని లైట్లు. నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన. ఆయన భార్య లోపల ఉంది. నాలుగు రాత్రులు అలా పక్కపక్కన కూర్చునేసరికి మామధ్య చుట్టరికంలాంటిదేదో ఏర్పడింది. నాకు కునుకు పడితే నా పేరు పిలుస్తారేమోనని ఆయన మేలుకునేవారు. ఆయన నమాజుకు లేస్తే ఆయన తరఫున నేను చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి.

ఐదో రాత్రి మూడింటికి ఆయన్నే పిలిచారు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని మెల్లగా "ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్" అన్నారు. ఏడవలేదు. నాకే కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏదో ఒకటి అనాలి కదా అని, మా ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాటే అనేశాను. "బాధపడకండి, పుణ్యాత్మురాలు. మళ్ళీ మంచి జన్మే ఎత్తుతారు."

ఆయన నా వైపు చూశారు. చూపులో కోపమేమీ లేదు. "మాకు మళ్ళీ జన్మ లేదు బాబూ" అని, కాసేపాగి, "ఉన్నది ఇదొక్కటే. లెక్క చెప్పాల్సిన రోజున అందరం లేస్తాం" అన్నారు. ఇందాక తను అన్నదానికి అర్థం కూడా ఆయనే చెప్పారు: మనం అల్లాహ్ వాళ్ళం, ఆయన దగ్గరికే తిరిగి వెళ్తాం. ఖురాన్ రెండో సూరాలో (అధ్యాయంలో) 156వ ఆయతు (వాక్యం) అది.

అప్పుడు ఆయనకు కావలసింది నా ఓదార్పు కాదు, కాగితాలు. ఖననం ఆలస్యం చేయకూడదన్నది వాళ్ళ నియమం. సంతకం పెట్టే మనిషి తెల్లవారాకే వస్తాడని కౌంటర్లో చెప్పారు. చేర్చుకున్న రోజు ఫారంలో "మతం" అని ఒక గడి పెట్టి మరీ నింపించుకున్నారు కదా, దాన్ని చూసి ఒక్క పనైనా వేరుగా చేశారా? చేయనప్పుడు ఆ గడి దేనికి? ఇప్పటికీ ఎక్కడ ఆ గడి కనిపించినా నాకు ఒళ్ళు మండుతుంది.

సరే, నా మాట సంగతికి వస్తాను. అది ఆయన మతంలోనే కాదు, నా మతంలోనూ ఓదార్పు కాదని ఆ తెల్లవారుజామునే తట్టింది. మోక్షం అంటే ఏమిటి? మళ్ళీ పుట్టకపోవడం. బౌద్ధుల నిర్వాణమైనా, జైనుల మోక్షమైనా ఆ చుట్టు తిరుగుడు ఆగిపోవడమే. "మళ్ళీ పుడతారులెండి" అనడమంటే, జైలు నుంచి విడుదల కోసం చూస్తున్నవాడికి "ఇంకో మంచి గది ఇస్తారులే" అన్నట్టు. అటు క్రైస్తవం, ఇస్లాం చావులేని జీవితాన్ని వరంగా ఇస్తామంటాయి. ఇటు, ఈ జీవితానికి అంతు లేకపోవడమే జబ్బు అంటారు. రోగమే వేరైతే మందు ఒకటెలా అవుతుంది?

"దేవుడు ఒక్కడే, పేర్లే వేరు" అనేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. జైనులకు సృష్టికర్తే లేడు. లోకం ఎప్పుడూ ఉన్నదే, జీవుడి కర్మే జీవుణ్ణి కట్టేస్తుంది. బుద్ధుణ్ణి మాలుంక్యపుత్రుడనే భిక్షువు లోకం శాశ్వతమా కాదా అని నిలదీస్తే, ఆయన జవాబే చెప్పలేదు. విషపు బాణం దిగినవాడు వేసినవాడి కులం, ఊరు తెలిస్తేగానీ బాణం తీయించుకోనంటే ఏమవుతాడు అని ఎదురడిగాడు. అంత దూరం ఎందుకు, వేదమే ప్రమాణమన్న పూర్వమీమాంసకులు సృష్టికర్త అయిన ఈశ్వరుడితో తమకు పని లేదన్నారు. ఋగ్వేదం పదో మండలం 129వ సూక్తం అయితే, ఈ సృష్టి ఎలా వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసేమో, ఆయనకూ తెలియదేమో అని ముగుస్తుంది. ఇవన్నీ పక్కనపెట్టి, నదులన్నీ సముద్రంలోనే కలుస్తాయని పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మతో ఫార్వర్డ్ చేస్తారు. కలవని నదులూ ఉంటాయి మహాప్రభో, ఎడారిలో ఇంకిపోతాయి.

"నీకు నచ్చనిది ఎదుటివాడికి చేయకు" అనే మాట అన్నిచోట్లా ఉంది కదా అంటారా? ఉంది. కన్ఫ్యూషియస్ అన్నాడు, యూదు గురువు హిల్లెల్ అన్నాడు, మన భారతంలోనూ ఉంది. కానీ దానికి మతమెందుకు? ఏ మతమూ లేనివాడు కూడా ఆ మాట ఒప్పుకుంటాడు.

అసలు "మూల విశ్వాసం ఏమిటి" అన్న ప్రశ్నే క్రైస్తవం నుంచి వచ్చిందని నా గట్టి అభిప్రాయం. క్రీస్తు శకం 325లో నైసియా అనే ఊళ్ళో బిషప్పులు కూర్చుని, మేము నమ్మేది ఇదీ అని వాక్యాలుగా రాసుకున్నారు. అందరికీ అలాంటి కాగితం ఉండాలని ఏముంది? ఇస్లాం ఐదు మూలస్తంభాల్లో మొదటిది విశ్వాస ప్రకటన. మిగతా నాలుగూ చేసేవే: నమాజు, జకాత్ అనే దానం, ఉపవాసం, హజ్ యాత్ర. యూదులు పోయినవాళ్ళ కోసం చదివే కద్దిష్ ప్రార్థనలో చావు అన్న మాటే రాదు, చాలామటుకు దేవుడి స్తోత్రమే. ఆ రాత్రి పెద్దాయన అన్న మాట కూడా అలాంటిదే. నోట మాట రాని వేళకు ముందే సిద్ధం చేసి పెట్టిన మాట. మతమంటే అదీ. మన భాషలో "మతం" అంటే అభిప్రాయమని అర్థం. అభిమతం, సమ్మతం అన్నీ అందులోంచి వచ్చినవే. ఆ పేరే తప్పని నా మతం.

నాన్న బతికి బయటపడ్డారు. ఇంటికొచ్చిన వారానికి ఈ సంగతంతా చెప్పాను. కళ్ళు మూసుకునే విన్నారు.

"నా అప్పుడు మాత్రం ఎవరితోనూ ఆ మాట అనకురా" అన్నారు. "మళ్ళీ జన్మట! ఇదొక్కటీ చాల్లేదా?"