పెళ్లిచూపుల్లో కామాటిపురా

పోయిన నెల ఒక జవాబులో, నేను పుట్టి పెరిగింది ముంబై కామాటిపురాలో అని మాటవరసకు రాశాను. అంతే, పిల్లల చదువులు, అత్తాకోడళ్ల గొడవలు అన్నీ పక్కకు పోయాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. నాలుగింటికి జవాబు చెప్తాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: టీచరమ్మా, మా అమ్మాయికి ముంబై సంబంధం వచ్చింది. మావాళ్లే. మూడు తరాల కింద కరీంనగర్ జిల్లా నుంచి పోయి అక్కడే స్థిరపడ్డారు. అబ్బాయి అకౌంటెంట్, నెమ్మదస్తుడు. ఇల్లు ముంబై సెంట్రల్‌లో అని చెప్పారు. తీరా ఆధార్ కార్డు చూస్తే కామాటిపురా ఆరో గల్లీ అని ఉంది. మా మరిది ఫోన్‌లో ఆ పేరు కొట్టి చూసి, "వదినా, పిల్లను అక్కడికా ఇచ్చేది?" అన్నాడు. ఒకటే టెన్షన్. సంబంధం వదులుకోమంటారా?
— పేరు వద్దన్న పాఠకురాలు, జగిత్యాల

జవాబు: చెల్లెమ్మా, ముందు వాళ్లు అబద్ధమాడారన్న కోపం తీసెయ్యి. ముంబై సెంట్రల్‌కూ కామాటిపురాకూ పిన్ కోడ్ ఒక్కటే, 400008. స్టేషన్ నుంచి నడిచి పోయేంత దూరం. మా తమ్ముడి పెళ్లి కార్డు మీద మా నాన్న వేయించింది "ముంబై–8" అని మాత్రమే. గల్లీ పేరు వేస్తే ఊళ్లో కార్డు పుచ్చుకున్న ప్రతివాడూ మీ మరిదిలాగే మొహం పెడతాడని ఆయన భయం. ఉద్యోగం అప్లికేషన్లలో నాగ్‌పాడా అని రాసేవాళ్లు కొందరు, మదన్‌పురా అని కొందరు. ట్యాక్సీవాడికి అసలు చోటు చెప్పకుండా సందు మొదట్లోనే దిగి నడిచి వచ్చేవాళ్లం.

మీ మరిది ఫోన్‌లో చూసిందీ నిజమే. పడుపు వ్యాపారం అక్కడ నూరేళ్లకు పైగా ఉంది. కానీ కామాటిపురా అంటే ఒక వీధి కాదు. ఒకటో గల్లీ నుంచి పదిహేనో గల్లీ దాకా నంబర్లతో వరసగా ఉంటాయి. కొన్ని గల్లీలకు ఆ పేరు పడింది, మిగతావాటికి అంటుకుంది. మిగతావాటిలో ఉన్నది సంసారాలు, గుళ్లు, మసీదులు, పిండిగిర్నీలు, పాత సామాన్ల కొట్లు, ఇడ్లీ బండ్లు. రాత్రిపూట తాగినవాడు ఎవడైనా పొరపాటున తలుపు కొడతాడని, మా మెట్ల మొదట్లో గోడ మీద పెద్ద పెద్ద హిందీ అక్షరాలతో "ఇది ఫ్యామిలీ వాళ్ల ఇల్లు" అని రాసి ఉండేది. ఏటా దీపావళికి సున్నం వేసినప్పుడు ఆ అక్షరాలు మాసిపోయేవి. సున్నం తడి ఆరకముందే మా నాన్న నీలి రంగు డబ్బా, కుంచె పట్టుకుని మళ్లీ రాసేవాడు. అక్షరాలు వంకరపోతాయని నన్ను కింద నిలబెట్టి చూడమనేవాడు.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఆ గల్లీలకు వచ్చేవాళ్లు మా చాల్ (వరసగా ఒంటిగది ఇళ్లుండే అద్దె భవనం) వాళ్లు కారు. ఊరంతటి నుంచీ ట్యాక్సీల్లో వచ్చి, తమ పని చూసుకుని, తమ మంచి అడ్రసులకు పోయేవాళ్లు. వాళ్ల పిల్లల పెళ్లిళ్లకు ఏ అడ్డమూ రాలేదు.

సరే, నీ అమ్మాయి సంగతి. పేరు గురించి కాదు, గది గురించి అడుగు. ఖోలీ ఎంత? పది అడుగులు బై పన్నెండా, ఇంకా చిన్నదా? అందులో ఎంతమంది పడుకుంటారు? పైన అటక వేశారా? స్నానానికి మూలనున్న మోరీయేనా? సండాస్ గ్యాలరీ చివర అందరికీ కలిపా? నీళ్లు ఎన్నింటికి వస్తాయి? అక్కడి కోడలికి కష్టం గల్లీ పేరుతో రాదు, తెల్లవారుజామున నల్లా దగ్గర వస్తుంది. ఇంకొకటి: కొన్ని బ్యాంకులు మా అడ్రసు చూసి లోన్ కాగితం వెనక్కి పంపేవి. అబ్బాయికి వేరే చోట ఇల్లు కొనే ఆలోచన ఉంటే, లోన్ ఏ అడ్రసు మీద తీసుకుంటాడో అడుగు. నువ్వూ మీ ఆయనా వెళ్లి ఒక సాయంత్రం వాళ్లింట్లో కూర్చుని రండి. మీ మరిదిని కూడా తీసుకెళ్లు, ఫోన్ మాత్రం జేబులో పెట్టుకోమను.

ప్రశ్న: ఆ పేరు తెలుగువాళ్ల వల్లే వచ్చిందని మా తాత అనేవాడు. నిజమేనా? మనవాళ్లకు అక్కడేం పని?
— డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మీ తాత చెప్పింది నిజం బాబూ. నిజాం రాజ్యం నుంచి బొంబాయికి కూలికి వచ్చిన తెలుగువాళ్లను అక్కడ కామాటీలు అనేవాళ్లు. అది ఒక కులం కాదు. మున్నూరు కాపులు, ముదిరాజులు, పద్మశాలీలు, ఇంకా చాలామంది ఆ ఒక్క పేరు కిందికే వచ్చారు. రాళ్లు మోయడం, పునాదులు తవ్వడం, సున్నం కలపడం వాళ్ల పని.

అప్పటి బొంబాయి ఇప్పటిలా ఒక్క నేల కాదు, విడివిడిగా ఏడు దీవులు. మా గల్లీలున్న చోటు ఆటుపోట్లకు మునిగే బురద. 1780లలో వర్లీ దగ్గర సముద్రానికి అడ్డంగా హార్న్‌బీ వెలార్డ్ అనే కట్ట వేశాక ఈ పల్లపు నేల బయటపడింది. అలాంటి చోటు ఎవరికి దొరుకుతుంది? ఊరు కట్టడానికి వచ్చిన కూలీలకే. ఆ తర్వాత 1854లో పక్కనే తార్‌దేవ్‌లో బొంబాయి మొదటి బట్టల మిల్లు వచ్చింది. చుట్టుపక్కల మిల్లులు పెరిగేకొద్దీ మనవాళ్లు అందులోనూ చేరారు. మా మేనమామ 1982 జనవరిలో మొదలైన సమ్మె దాకా మిల్లులోనే ఉన్నాడు. ఆ తర్వాత ఆయన వాచ్‌మన్.

అందరూ కూలీలుగానే మిగిలిపోలేదు. కాంట్రాక్టర్లు అయినవాళ్లున్నారు. జోతిరావు ఫూలే 1873లో కులభేదాలకు ఎదురు నిలిచే సత్యశోధక్ సమాజ్ పెట్టాక, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు మన తెలుగు కాంట్రాక్టర్లే. హైదరాబాద్‌లో చదువుకుంటున్న నువ్వు ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకుంటే నాకు సంతోషం.

మరి చెడ్డపేరు ఎలా వచ్చిందంటావేమో. ఆ పక్కన రేవు, ఈ పక్కన సిపాయిలు, మధ్యలో ఇళ్లు వదిలి ఒంటరిగా వచ్చిన వేలమంది మగ కూలీలు. 1868లో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చి, ఈ వృత్తిలో ఉన్న ఆడవాళ్ల పేర్లు రిజిస్టర్లకెక్కించి, వైద్య పరీక్షలు తప్పనిసరి చేసింది. పరీక్షలు ఆడవాళ్లకే సుమా, సిపాయిలకు కాదు. ఆ రోజుల్లో యూరప్ నుంచి తెచ్చిన ఆడవాళ్లు కూడా అక్కడ ఉండేవాళ్లు. వాళ్లుండే శుక్లాజీ స్ట్రీట్‌ను జనం సఫేద్ గల్లీ, అంటే తెల్ల గల్లీ, అనేవాళ్లు.

ప్రశ్న: దాపరికం లేకుండా చెప్పండి టీచర్ గారూ. ఆ ఆడవాళ్లతో మీకు మాటలుండేవా?
— గృహిణి, సికింద్రాబాద్

జవాబు: ఉండేవి. మా అమ్మ ఎదుట మాత్రం కాదు.

మా నాయనమ్మ బీడీలు చుట్టేది. గ్యాలరీలో గోడకు ఆనుకుని, చాట ఒడిలో పెట్టుకుని, నానబెట్టిన తునికాకు మీద రేకు పెట్టి కత్తెరతో చకచకా కోసేది. చిటికెడు తంబాకు పోసి, రెండు వేళ్లతో చుట్టి, దారం తిప్పి, చివరను పుల్లతో లోపలికి నొక్కేది. కళ్లు చాట మీద ఉండవు, కిందున్న గల్లీ మీద ఉంటాయి. గోళ్లు ఎప్పుడూ పసుపు, నలుపు కలిసిన రంగులో ఉండేవి. ఆమె చేత్తో పెట్టిన సర్వపిండి తిన్నా తంబాకు వాసనే.

మధ్యాహ్నం పూట ఆమె దగ్గరకు అవతలి గల్లీ నుంచి ఒకామె వచ్చి కూర్చునేది. పాలమూరు వైపు యాస. నాయనమ్మకు ఆకు అందిస్తూ ఊరి ముచ్చట్లు చెప్పేది. అప్పటికి నేను ఆరో, ఏడో తరగతి. నాకు తెలుగు రాయడం వచ్చని తెలిసి, మనీఆర్డర్ ఫారాలు నాతో నింపించుకునేది. ఫారం కింద నాలుగు మాటలు రాయడానికి చిన్న చీటీ ఉండేది చూడండి, అందులో రాయమనేది: "నేను మంచిగున్న. బట్టల దుకాణంల పని. తమ్ముని ఇస్కూలు మాన్పియ్యకురి." పంపినవారి అడ్రసు దగ్గరకు వచ్చేసరికి ఆగి, "ముంబై సెంట్రల్ అని రాయి బిడ్డా" అనేది. మా నాన్న పెళ్లి కార్డుకూ, ఆమె మనీఆర్డర్‌కూ ఒకే అడ్రసు.

మా అమ్మ చూస్తే మాత్రం నాయనమ్మతో పెద్ద రభస. "ఆడపిల్ల ఉన్న ఇల్లు" అనేది. అమ్మ భయం నాకు తెలుసు. అయినా మనం పరువు అనుకునేది ఎవరో ఒకర్ని గడప బయట నిలబెడితే తప్ప నిలవదా అని అప్పుడే అనిపించేది. మా సంఘాల్లో కొందరు బస్తీ పేరే మార్చాలన్నారు. 2022లో ఒక హిందీ సినిమా వచ్చినప్పుడు బస్తీ పేరు చెడగొడుతున్నారని బొంబాయి హైకోర్టు దాకా పోయారు. వాళ్ల కడుపుమంట నాకూ ఉంది. కానీ పేరు మారిస్తే పోయేది ముందుగా మనవాళ్ల గుర్తే కదా.

ఇప్పుడు ఆ గల్లీల్లోనూ ఆ ఆడవాళ్లు బాగా తగ్గారు. చాలా గదుల్లో బ్యాగులు కుట్టే పని నడుస్తోంది. బతుకమ్మ మాత్రం ఆగలేదు. బంతిపూలు దాదర్‌లో కొంటారు, గునుగు పువ్వు ఊరి నుంచి రాత్రి బస్సులో వస్తుంది. బస్సువాడు గునుగు మూటకు కూడా లగేజీ డబ్బులు వసూలు చేస్తాడు. ఆ కోపం మాకు ఇంకా తగ్గలేదు.

ప్రశ్న: మా తాత పేరు మీద కామాటిపురాలో పగ్డీ గది ఉంది. నాన్న 1990లో కరీంనగర్ వచ్చేశారు. తాత దగ్గర బాబాయి ఉండిపోయాడు. తాత పోయాక బాబాయే అద్దె కడుతున్నాడు. ఇప్పుడు అవన్నీ పడగొట్టి పెద్ద ఫ్లాట్లు ఇస్తారట. మాకు వాటా వస్తుందా?
— ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, నీకు నచ్చని జవాబే చెప్పాల్సి వస్తోంది. పడగొట్టే మాట నిజం. గల్లీలన్నీ కలిపి ఒకేసారి కట్టే పనిని మహారాష్ట్ర ప్రభుత్వం 2023లో తన గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు అప్పగించింది. అర్హులైన అద్దెదారు కుటుంబానికి 500 చదరపు అడుగుల ఇల్లు అంటున్నారు. నూటయాభై అడుగుల్లో ముగ్గురు పిల్లల్ని పెంచినవాళ్లకు అదొక బంగళా. చాల్ పోతుందని దూరం నుంచి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వర్షాకాలంలో ఆ మెట్లు ఎక్కి చూడమనండి.

ఇక వాటా. పగ్డీ అంటే సొంత ఆస్తి కాదు. మీ తాత ఇచ్చింది పెద్ద అడ్వాన్సు, కట్టింది చిన్న అద్దె. మహారాష్ట్ర అద్దె చట్టం ప్రకారం, అద్దెదారు చనిపోయినప్పుడు ఆయనతో కలిసి ఆ గదిలో ఉంటున్న కుటుంబ సభ్యుడిదే హక్కు. అంటే మీ బాబాయిదే. ముంబై వకీలుకు కాగితాలు చూపించు, వద్దనను. కానీ ముందు రైలెక్కి వెళ్లి మీ బాబాయితో కూర్చుని మాట్లాడు. ముప్పై ఏళ్లకు పైగా ఆ నల్లా దగ్గర బిందె పెట్టింది ఆయన భార్య.

పాత అద్దె రసీదులు, తాత రేషన్ కార్డు మీ ఇంట్లో పెట్టెలో ఉంటే ఆయనకే పట్టుకెళ్లి ఇవ్వు, సర్వేకు పనికొస్తాయి. "నీ పేరు ఎక్కిస్తాను" అంటూ ఫోన్ చేసే ఏజెంట్లకు మాత్రం ఒరిజినల్స్ ఇవ్వకు, డబ్బు అసలే ఇవ్వకు.