జ్వరం వస్తే కణాల పొర కరిగిపోతుందా?

ప్రశ్న: డీపీపీసీ అనే లిపిడ్ (కణాల పొరల్లో ఉండే కొవ్వు జాతి అణువు) 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుందని చదివాను. మరి జ్వరం 40 దాటితే మన కణాల పొరలు కూడా కరగడం మొదలవుతుందా? ఇంకో సంగతి, మా ల్యాబ్‌లో అదే లిపిడ్‌తో లైపోసోములు (లిపిడ్ పొరతో చేసే అతి చిన్న సంచులు) చేద్దామని ఎక్స్‌ట్రూడర్‌లో (సన్నటి రంధ్రాల ఫిల్టర్ గుండా నెట్టే పరికరం) ఎంత నెట్టినా ఫిల్టర్ చిరుగుతోంది తప్ప ఏమీ రావడం లేదు. ఎందుకు?
– ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని

జవాబు: జ్వరం గురించి టెన్షన్ వద్దు. మీ కణాల పొరలు ఇప్పటికే, అంటే మీరు ఈ ప్రశ్న రాస్తున్నప్పుడే, కరిగి ఉన్నాయి. అలా ఉంటేనే అవి పనిచేస్తాయి.

‘కరగడం’ అనే మాటతోనే వస్తుంది చిక్కంతా (నాకు ఆ మాట నచ్చదు, కానీ అందరూ అదే వాడతారు). మైనం కరిగితే కారిపోతుంది. లిపిడ్లు రెండు వరుసల్లో, తలలు నీటివైపు, తోకలు లోపలికి పెట్టుకుని ఉంటాయి కదా, నీటికీ ఆ తోకలకూ పడదు కాబట్టి వేడెక్కినా పొర పొరగానే ఉంటుంది. మారేది తోకల తీరు. 41కి కింద డీపీపీసీ తోకలు మెలికల్లేకుండా తిన్నగా, ఒకదాన్నొకటి ఆనుకుని బిగుసుకుని ఉంటాయి, దాన్ని జెల్ దశ అంటారు. 41 దాటగానే మెలికలు తిరుగుతాయి, ఒక్కో అణువుకు పట్టే చోటు దాదాపు 0.48 నుంచి 0.63 చదరపు నానోమీటర్లకు పెరుగుతుంది, పొర సుమారు అర నానోమీటరు పలచబడుతుంది, అణువులు పక్కలకు చకచకా జారడం మొదలెడతాయి.

పైగా ఆ 41 అన్ని లిపిడ్ల అంకె కాదు. డీపీపీసీ తోకల్లో 16 చొప్పున కార్బన్లుంటాయి. రెండేసి పెంచితే 55, రెండేసి తగ్గిస్తే 24 దగ్గర. 18 కార్బన్ల తోకల్లో ఒక్కో సిస్ ద్విబంధం (తోకను మధ్యలో వంచే రకం బంధం) పెట్టి చూడండి, ఏకంగా మైనస్ 17 దాకా పడిపోతుంది, వంపు తిరిగిన తోకలు పక్కపక్కన కుదురుగా సర్దుకోలేవు మరి. మన కణాల్లో ఇలాంటి వంపు తోకలు బోలెడు. వాటి మధ్య కొలెస్ట్రాల్, దాని పని భలే తమాషాగా ఉంటుంది: వేడిలో తోకల్ని మరీ చెదరనివ్వదు, చలిలో మరీ బిగుసుకోనివ్వదు. ఎర్రరక్తకణం పొరలో అణువుల లెక్కన దాదాపు 40 శాతం అదే. అందుకే కణం పొర ఫలానా డిగ్రీ దగ్గర టక్కున మారిపోదు, 40 డిగ్రీల జ్వరంలో ఇంకాస్త వదులవుతుంది, అంతే. అంత జ్వరానికి డాక్టర్ దగ్గరకు పరుగెత్తాల్సిందే, అయితే ఈ కారణంతో కాదు.

కణాలకు ఈ విషయంలో అసలు ఇబ్బంది చలితోనే. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపి ఒకే కణంగా చేసి, రెండిటి పొరల్లోని ప్రోటీన్లకు వేర్వేరు రంగులు తగిలించారు. 37 డిగ్రీల దగ్గర 40 నిమిషాల్లో రంగులు పొరంతా కలిసిపోయాయి, చల్లగా ఉంచినప్పుడు మాత్రం చాలావరకు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఈ.కోలై బ్యాక్టీరియా దీనికి ముందే జాగ్రత్తపడుతుంది, చల్లటి చోట పెంచితే వంపు తోకల వాటా పెంచుకుని పొర చిక్కదనాన్ని ఇంచుమించు ఒకేలా ఉంచుకుంటుంది. ఈ సంగతి సినెన్‌స్కీ అనే శాస్త్రవేత్త 1974లో చూపించాడు.

ఇక మీ ఎక్స్‌ట్రూడర్. గది ఉష్ణోగ్రతలో నెడుతున్నారనుకుంటాను. అప్పుడు మీరు నెడుతున్నది గట్టిపడ్డ జెల్‌ని, ఫిల్టర్ చిరగక ఏం చేస్తుంది? ఎండిన లిపిడ్ మీద బఫర్ పోసేటప్పటి నుంచే అన్నిటినీ, సిరంజిలతో సహా, 45 నుంచి 50 డిగ్రీల మధ్య ఉంచండి. ఒకటి గుర్తుంచుకోండి, సరిగ్గా 41 దగ్గర జెల్ ముక్కలూ ద్రవం ముక్కలూ పక్కపక్కనే ఉంటాయి, వాటి అంచుల్లో సందులు పడి లోపలి సరుకు బాగా కారుతుంది. కణితిని కాస్త వేడిచేసి అక్కడే మందు వదిలేలా లైపోసోములు తయారుచేసేవాళ్లు వాడుకునేది ఈ గుణాన్నే. మీరు రంగు నింపుతుంటే చల్లార్చేటప్పుడు కొంత బయటికొస్తుంది, కాబట్టి బాగా చల్లారాకే కాలమ్‌లో (సైజును బట్టి వేరుచేసే గొట్టం) వేసి, బయటున్న రంగును వేరుచేసి, అప్పుడు కొలవండి.