మూల కత్తిరించిన పాస్‌పోర్టు

చిరంజీవి అమ్ములుకు చిన తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. తాతయ్య ఇక్కడ పుట్టాడన్న ఆధారంతో నువ్వు ఓసీఐ కార్డుకు, అంటే పరాయి దేశ పౌరులైన మన సంతతివాళ్ళకు ఇచ్చే 'ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా' కార్డుకు, అర్జీ పెడుతున్నావని, వచ్చాక రెండేళ్ళు ఇక్కడే ఉంటావని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అన్నయ్య దాటి వెళ్ళిన గడపలోకి అతని మనవరాలు వస్తోందంటే గుండె నిండిపోయింది. భయమూ వేసింది. ఎందుకో చెబుతాను, ఓపికగా చదువు.

ఆన్‌లైన్ అర్జీ నింపడం, ఫోటో, సంతకం అడిగిన కొలతలో పెట్టడం, రుసుము కట్టిన రసీదు దాచుకోవడం నాకంటే నీకే బాగా తెలుసు.

నీ హక్కు మీద నాకు అనుమానం లేదు. 1950 జనవరి 26న గానీ ఆ తరువాత గానీ భారత పౌరులుగా ఉన్నవారి పిల్లలకూ, మనవలకూ, మునిమనవలకూ పౌరసత్వ చట్టం ఈ కార్డుకు చోటిచ్చింది. మీ తాతయ్య 1943లో ఈ ఇంట్లో పుట్టి, 1968లో అమెరికా విమానం ఎక్కాడు. నా అనుమానమంతా కాగితాల మీదే. అందులో తప్పు నాది.

1998 సంక్రాంతి అది. మా అమ్మ పోయి ఏడాది దాటింది. పండక్కి ఇంటికి సున్నం వేయిస్తూ అమ్మ ట్రంకుపెట్టె తెరిచాను. చెదలు పట్టి ఉంది. అడుగున గుడ్డసంచిలో మీ తాతయ్య మొదటి పాస్‌పోర్టు కనిపించింది. అమెరికా పౌరుడయ్యాక దాన్ని రద్దు చేసి తిరిగి ఇస్తే, ఒకసారి ఊరికి వచ్చినప్పుడు అమ్మకు ఇచ్చి వెళ్ళాడు. అట్ట మూల కత్తిరించి ఉంది. పేజీలు ఉబ్బి ఒకదానికొకటి అంటుకున్నాయి. లోపల ఫోటోలో పాతికేళ్ళ అన్నయ్య, నూనె రాసి పక్కపాపిడి తీసిన జుట్టుతో, మెడ దాకా గుండీలు పెట్టుకుని, నవ్వాలో వద్దో తెలియనట్టు చూస్తున్నాడు.

మూల కత్తిరించారంటే ఇక పనికిరానిదే అనుకున్నాను. చెదలు మిగతా సామానుకు పాకుతాయని భయపడ్డాను. భోగి నాడు తెల్లవారుజామున పాత చాపలు, విరిగిన తలుపు రెక్కతో పాటు దాన్నీ మంటలో వేశాను. అట్ట వెంటనే అంటుకోలేదు. ముడుచుకుని, నల్లబడి, చాలాసేపటికి కాలింది. పిల్లలు పిడకల దండలు వేస్తుంటే నేను చలి కాచుకుంటూ నిలబడ్డాను.

2009లో మీ మామయ్య ఇదే కార్డు కోసం, "బాబాయ్, నాన్న పాత పాస్‌పోర్టు మీ ఇంట్లోనే ఉందట, పంపండి" అన్నాడు. అన్నిటికంటే గట్టి రుజువు అదేనని అప్పుడు తెలిసింది. రద్దు చేశారంటే అంతకుముందు అది చెల్లినట్టే కదా! అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ఫోన్‌లో అన్నయ్యకు జరిగింది చెబితే చాలాసేపు అటునుంచి మాట రాలేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తర్వాత "పోనీలేరా, నువ్వు వేయకపోతే చెదలు తినేవే కదా" అన్నాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే ఇంత బరువు ఉండేది కాదు తల్లీ.

ఎనిమిది నెలలు తిరిగాను. చివరికి అన్నయ్య చదివిన హైస్కూల్లో పాత అడ్మిషన్ రిజిస్టరు దొరికింది. గుమాస్తా పేజీలు తిప్పుతుంటే, వెలిసిపోయిన సిరాతో అన్నయ్య పేరు, దాని పక్కన మా నాన్న పేరు, ఊరి పేరు. అక్కడే నిలబడి ఏడ్చాను. ఆ నకలూ, నాన్న పేరున ఉన్న భూమి కాగితాలూ చూపించి తహసీల్దారు కార్యాలయంలో నేటివిటీ సర్టిఫికెట్ తెచ్చాను. దానితో మామయ్య పని అయింది. అవన్నీ ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. స్కాన్ చేయించి రేపే పంపుతాను. మామయ్య కార్డు నకలు కూడా జత చెయ్యి. మీ ఇంట్లో పాత కాగితం ఒక్కటి కూడా, చిరిగినా సరే, పారేయవద్దని అమ్మకు చెప్పు.

ఇక పేర్లు. నీ జనన పత్రంలో అమ్మ పేరు, అమ్మ జనన పత్రంలో తాతయ్య పేరు, తాతయ్య కాగితంలో ఈ ఊరు. ఈ మూడూ గొలుసులా కలవాలి. ఇక్కడ ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరమే. అక్కడికి వెళ్ళాక అది పూర్తిగా విచ్చుకుని చివరకు చేరింది. పెళ్ళితో అమ్మ ఇంటిపేరు మారింది కాబట్టి ఆమె వివాహ పత్రం పెట్టడం మరచిపోకు. తాతయ్య పుట్టినరోజు జాతకంలో ఒకటి, బడిలో ఒకటి. పాస్‌పోర్టులోకి ఎక్కింది బడి తేదీ, అదే రాయి. జాతకం తేదీయే అసలైనదని మీ అమ్మ వాదిస్తుంది, ఈ ఒక్కసారికి వినకు.

ఊరి సంగతి కూడా వివరించాలి. దెందులూరు దగ్గరి మన ఊరు తాతయ్య పుట్టినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా కాస్తా 2022 ఏప్రిల్ 4 నుంచి మనకు ఏలూరు జిల్లా అయింది. పాత కాగితంలో ఒక జిల్లా, కొత్త కాగితంలో ఇంకొకటి చూసి ఇవి రెండు ఊళ్ళని అధికారి అనుకోకూడదు. రెండు వాక్యాల వివరణ రాసి పెట్టు.

ఇప్పుడు కోప్పడతాను, ఏమీ అనుకోకు. కార్డు వచ్చీ రాగానే కాలువ కింది రైతుల మీద అక్కడి పత్రికకు వ్యాసాలు రాస్తానన్నావట. ఎవరిని అడిగి అనుకున్నావు? ఓసీఐ ఉన్నవాళ్ళు కూడా పత్రికా రచనకూ, పరిశోధనకూ ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. 2021 మార్చిలో ఇచ్చిన నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. పేరులో సిటిజన్ అని ఉన్నా ఇది పౌరసత్వం కాదమ్మా. జీవితాంతం ఎన్నిసార్లైనా రావచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు. ఓటు ఉండదు, పొలం కొనడానికి వీలుండదు. అనుమతి లేకుండా నువ్వు కలం పట్టుకుని, ఎవరో ఫిర్యాదు చేసి, ఆ కార్డుకే ముప్పు వస్తే ఈ వయసులో నేను ఏ ఆఫీసు మెట్లు ఎక్కగలను? ముందు అనుమతి తెచ్చుకో. తర్వాత కాలువ గట్టు పొడుగునా నేనే నడిపించి చూపిస్తాను. మోకాళ్ళు సహకరించకపోతే ఆటోలో తిప్పుతాను.

నువ్వు పడుకోవడానికి తాతయ్య చదువుకున్న వీధిగది శుభ్రం చేయిస్తున్నాను. కిటికీ చెక్క మీద అతను చాకుతో చెక్కుకున్న అక్షరాల మీద రంగు పూయవద్దని పనివాళ్ళకు చెప్పాను.

ఒక్క కోరిక. తాతయ్య అమెరికా పౌరసత్వ పత్రం మీద అప్పటి ఫోటో అంటించి ఉంటుంది. వచ్చేటప్పుడు దాన్ని కాస్త పెద్దది చేయించి తీసుకురా. నా దగ్గర ఉన్నవన్నీ జుట్టు నెరిశాక తీసినవే.

ఆశీస్సులతో,
చిన తాతయ్య