మాంసం అడుగున ఎల్‌ఈడీ ఆరిపోతోందా? తీగచుట్ట వదిలి అల్ట్రాసౌండ్ పట్టు

తమ్ముడూ, బయటి తీగచుట్ట నుంచి గాల్లోనే కరెంటు అందుకునే, బ్యాటరీ లేని ఇంప్లాంటు (ఒంట్లో అమర్చే పరికరం) నమూనాలో ఎల్‌ఈడీ చర్మం మందాన వెలుగుతోంది, 5 సెంటీమీటర్ల మాంసం అడుగున ఆరిపోతోంది అన్నావు. సర్క్యూట్‌ని అనుమానించకు. శక్తి పంపే, అందుకునే అంత చిన్న చుట్టల మధ్య దూరం రెట్టింపైతే అయస్కాంత క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. వినికిడి కోసం అమర్చే కాక్లియర్ ఇంప్లాంటు లోపలి భాగానికీ బ్యాటరీ ఉండదు, కానీ దాని చుట్ట పెద్దది, అడ్డున్నది చర్మమే.

అల్ట్రాసౌండ్‌కు, అంటే చెవికి వినపడని ధ్వని తరంగాలకు మారు. 1 మెగాహెర్ట్జ్ దగ్గర కణజాలంలో దాని తరంగదైర్ఘ్యం సుమారు 1.5 మిల్లీమీటర్లే, కాబట్టి కంపనాన్ని కరెంటుగా మార్చే బుల్లి పీజో బిళ్ల కూడా శక్తిని అందుకోగలదు. బజర్ బిళ్ల పనికిరాదు, అది కిలోహెర్ట్జ్‌ల సరుకు. హ్యూమిడిఫయర్లలో వాడే 1.7 మెగాహెర్ట్జ్ బిళ్లలు జత కొను, ఒకటి పంపడానికి, ఒకటి అందుకోడానికి. నీళ్లు తగలకుండా నడిపావా, పగిలి ఊరుకుంటుంది.

ఈ పద్ధతికి గాలి బద్ధశత్రువు. కొత్తపేట మందుల షాపుల్లో స్కానింగ్ జెల్ అడుగు, ఒక్క బుడగ కూడా మిగలకుండా పట్టించు. మన గుంటూరు ఎండలకు అది ఇట్టే ఆరిపోతుంది, మధ్యలో మళ్లీ రాయాలి. అందుకునే బిళ్ల కాస్త వంగినా వోల్టేజీ పడిపోతుంది. అందుకే ముందు నీళ్ల తొట్టిలో కోణం సరిచూసుకో, మాంసం తర్వాత. ఏసీని డీసీ చేయడానికి షాట్కీ డయోడ్లు వాడు, మామూలువి 0.7 వోల్టు మింగేస్తాయి.

ఉత్సాహం కొద్దీ చేతిమీద మాత్రం పెట్టుకోకు. స్కానింగ్‌కు అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన హద్దు చదరపు సెంటీమీటరుకు 720 మిల్లీవాట్లు, ఈ బిళ్లలు దాన్ని సులువుగా దాటేస్తాయి.