పట్టాల పక్కన వడ్ల సైలో: ప్రమాదం జరిగేదాకా ఆగాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. రైలు పట్టాలకు ఇటు మా ఇళ్లు, అటు రైస్ మిల్లు. మిల్లు వాళ్లు పట్టాల అంచునే రెండు ఇనుప సైలోలు (వడ్లు నిల్వ చేసే ఎత్తైన తొట్లు) కట్టారు. అక్కడ ప్రహరీ గోడ కొంత కూలింది. పిల్లలు పట్టాలు దాటి వెళ్లి సైలో నిచ్చెన ఎక్కుతున్నారు. గోడ రైల్వేదని మిల్లు వాళ్లు, మిల్లుదని రైల్వే వాళ్లు అంటున్నారు. మా తమ్ముడు అదే మిల్లులో హమాలీ. వడ్లు గడ్డకట్టి కిందికి జారకపోతే గునపం చేతికిచ్చి లోపలికి దింపుతున్నారు. ఏదైనా జరిగితేనే కేసు అవుతుందట, నిజమేనా? (ఒక సోదరి)

జవాబు: నిజం కాదమ్మా. ప్రమాదాన్ని ముందే ఆపడానికి చట్టంలో దారి ఉంది. అయితే పిల్లల విషయం, తమ్ముడి విషయం వేర్వేరు దారుల్లో నడపాలి.

తమ్ముడి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది ఈ రోజే ఆగాలి. సైలో అంటే ఇంట్లో గరిసె లాంటిదే కదా అనుకుంటారు. కింద మర తిరుగుతూ వడ్లను లాగుతుంటే పైన గరాటులా గుంత పడుతుంది. అందులో నిలబడ్డ మనిషి క్షణాల్లో మోకాలి దాకా దిగిపోతాడు. నడుము దాకా కూరుకుపోతే పైనుంచి ఇద్దరు ముగ్గురు లాగినా రాడు. ఊపిరి వదిలిన ప్రతిసారీ గింజలు ఛాతీ చుట్టూ ఇంకాస్త బిగుసుకుంటాయి. తడి వడ్లు పైన పెచ్చు కట్టి లోపల డొల్లగా ఉంటే, గట్టి నేల అనుకుని అడుగు వేసినవాడు నేరుగా లోపలికే. పురుగు పట్టకుండా వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గాలిలోని తేమకే విషవాయువు వదులుతాయి. ఈ వాయువుకు వాసన తెలియలేదంటే ప్రమాదం లేదని కాదు.

అందుకే పాత ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ అలాంటి మూసిన చోట్లకు మనిషిని దింపాలంటే, లోపల వాయువు లేదని అర్హుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలంది. లేదంటే శ్వాస పరికరం, నడుముకు బెల్టు, ఆ బెల్టు తాడు కొసను బయట ఒకరు పట్టుకుని ఉండటం తప్పనిసరి చేసింది. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చినా, పనిచోటును ప్రమాదరహితంగా ఉంచే బాధ్యత యజమానిదే. ప్రాణాపాయం ఉందని సహేతుకంగా భయపడే కార్మికుడు యజమానికీ, ఇన్‌స్పెక్టరుకూ ఒకేసారి తెలియజేయవచ్చు. తమ్ముడితో ఆ కాగితం రాయించండి. మర ఆపి, స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి తన దగ్గర ఉంటే తప్ప దిగవద్దని చెప్పండి. కాంట్రాక్టరు మనిషి అన్న సాకుతో మిల్లు యజమాని తప్పించుకోలేడు.

ఇక పిల్లలు. నేర విచారణ పద్ధతి చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 152వ సెక్షన్ (దాని స్థానంలో ఉన్న పాత సీఆర్‌పీసీలో 133) కింద ఆర్డీవోకు అర్జీ పెట్టండి. ప్రజలకు హాని కలిగించే నిర్మాణం, వ్యాపారం, కంచె లేని గుంత వంటివాటిని సరిచేయాలని, లేదా తన ముందుకొచ్చి కారణం చెప్పాలని ఆయన ఉత్తర్వు ఇవ్వగలరు. ఆపద తక్షణమైతే విచారణ ముగిసేలోపే 161వ సెక్షన్ కింద తాత్కాలిక నిషేధం విధించవచ్చు. గోడ ఎవరిదో తేలలేదన్న వాదనతో ఆగిపోకండి. అర్జీలో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. నిధులు లేవన్న సాకు ఇలాంటి విషయంలో చెల్లదని సుప్రీంకోర్టు 1980లోనే మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో చెప్పింది. మురుగుతో విసిగిన ఆ ఊరివాళ్లు గెలిచింది కూడా ఈ పాత 133వ సెక్షన్‌తోనే. ఈ తీర్పును అర్జీలో తప్పక రాయండి.

పట్టాల పక్కన కంచె వేయించే అధికారం రైల్వే చట్టం 18వ సెక్షన్‌లో కేంద్ర ప్రభుత్వానికి ఉంది. ఆ సెక్షన్ చూపుతూ డివిజనల్ రైల్వే మేనేజర్‌కు విడిగా లేఖ పంపండి. ఒక మాట కటువుగానే చెప్పాలి. పట్టాలు దాటడం అదే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రయాణికులకు పరిహారం ఇచ్చే 124ఎ సెక్షన్ పట్టాలు దాటుతూ రైలు కింద పడినవారికి వర్తించదు. గోడ వచ్చేదాకా పిల్లలను మీరే ఆపాలి.

సాక్ష్యం ఇప్పుడే సేకరించండి. కూలిన గోడ, నిచ్చెన మొదటి మెట్టు, పట్టాలు ఒకే ఫొటోలో కనిపించాలి. తీసిన ఫోను పారేయకండి, ఆ ఫొటోకు రేపు కోర్టులో ధ్రువపత్రం ఇవ్వాల్సి ఉంటుంది. ప్రతి అర్జీకీ తేదీ వేసిన రసీదు తీసుకోండి.

స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. నల్లగొండలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అర్జీ తెలుగులోనే రాయవచ్చు. వాడలో మరో పదిమందితో సంతకాలు పెట్టించండి. తమ్ముడి సంతకం మాత్రం అందులో వద్దు, ఆయన కాగితం విడిగా వెళ్లాలి.