షాపులో నోరు తెరవాలంటే భయం: ముందుగా తేల్చుకోవలసింది ఆ మాత్ర సంగతి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 26 సంవత్సరాలు. తిరుపతి కొర్లగుంటలో ఉంటూ ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ పని చేస్తున్నాను. షాపుకు వెళ్లి ఏదైనా అడగాలంటే గొంతు పెగలదు, చేతులకు చెమటలు పడతాయి. నచ్చలేదని చెప్పలేక కొన్న చొక్కాలు బీరువాలో అలాగే పడి ఉన్నాయి. చిల్లర తక్కువ ఇచ్చినా అడగలేను. కాలేజీ రోజుల నుంచీ ఇంతే. ఒక స్నేహితుడు చెప్పగా, ఆందోళన తగ్గించే అల్‌ప్రజోలం 0.25 మాత్ర వేసుకుని వెళ్తున్నాను. మొదట్లో ఒకటి సరిపోయేది, ఇప్పుడు రెండు వేసుకుంటున్నాను. ఈ మధ్య ఇంట్లో ఉన్నా చేయి వణుకుతోంది. సరుకులన్నీ ఫోన్‌లోనే తెప్పించుకుంటే సరిపోతుందా? ధైర్యం పెరగడానికి ఏదైనా టానిక్ ఉందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీరు అడిగినది టానిక్ గురించి అయినా, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ మాత్ర. ఒకటి వేసుకునే చోట రెండు అవసరమవుతున్నాయంటే శరీరం దానికి అలవాటు పడుతోందని అనుమానించాలి. ఇంట్లో ఉన్నప్పుడు కూడా చేయి వణకడం, మాత్రకూ మాత్రకూ మధ్య దాని ప్రభావం తగ్గిపోవడం వల్ల కావచ్చు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వల్ల కావచ్చు, కేవలం ఆందోళన వల్లనే కావచ్చు. మిమ్మల్ని పరీక్షించకుండా ఇది ఫలానా అని చెప్పడం సరికాదు. మాత్రను రోజూ వేసుకుంటున్నారో, బయటకు వెళ్లే రోజున మాత్రమే వేసుకుంటున్నారో మీరు రాయలేదు. నాకు అన్నిటికన్నా ముందుగా తెలియవలసిన విషయం అదే.

ఇది చదివి భయపడి రేపటి నుంచే మాత్ర మానేయకండి. కొంతకాలంగా రోజూ వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవడం, తీవ్రమైన ఆందోళన, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు కనుక, మోతాదును డాక్టర్ పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. అంతవరకు మద్యం జోలికి వెళ్లవద్దు. రెండూ కలిస్తే శ్వాస మందగించే ప్రమాదం ఉంది. మాత్ర వేసుకుని బండి నడపవద్దు. దేశంలో 2014 మార్చి నుంచి ఈ మందు షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉంది, అంటే మెడికల్ షాపువారు డాక్టర్ చీటీ చూసి, రోగి పేరు, చీటీ రాసిన డాక్టర్ పేరు రిజిస్టరులో రాసుకున్న తరువాతే ఇవ్వాలి. చదువుకుని, అకౌంట్స్ చూసే మీరు, స్నేహితుడి మాట మీద ఇలాంటి మందును మొదలుపెట్టడం, మోతాదును మీకు మీరే పెంచుకోవడం నాకు బాధ కలిగించింది. ఓపీలో ఇలాంటివారిని చూస్తూనే ఉంటాను. జబ్బుకు వైద్యం సులువుగానే ఉంటుంది, మాత్ర మాన్పించడానికే ఎక్కువ కష్టపడవలసి వస్తుంది. మరో స్నేహితుడు దీనికి బదులుగా గుండె దడ తగ్గించే ప్రొప్రనొలాల్ వాడమని చెప్పినా వినకండి. ఆస్తమా ఉన్నవారికి అది ప్రమాదకరం.

ఆ మాత్రతో ఇంకొక నష్టం ఉంది. మాత్ర వేసుకుని షాపుకు వెళ్లి క్షేమంగా తిరిగివచ్చిన ప్రతిసారీ, ఆ ఘనత మాత్రకే దక్కుతుంది. మీరు మాట్లాడగలిగారనే సంగతి మనసుకు ఎక్కదు. ఫోన్‌లో తెప్పించుకోవడం కూడా అంతే. ఆ పూటకు హాయిగా ఉంటుంది, మరుసటిసారి భయం మరికాస్త పెరుగుతుంది.

మీరు రాసినదాన్ని బట్టి ఇది సోషల్ యాంగ్జైటీ డిజార్డర్, అంటే ఇతరుల ముందు మాట్లాడాలన్నా, మెలగాలన్నా విపరీతంగా భయపడే జబ్బు కావచ్చు. ఇది పిరికితనం కాదు, టానిక్‌తో తగ్గేదీ కాదు. ఇలాంటి భయం ఆరు నెలలకు మించి ఉండి, పనులకు అడ్డుపడుతుంటే మేము దానిని జబ్బుగానే పరిగణిస్తాం. మీకు కాలేజీ రోజుల నుంచీ ఉందంటే చాలా ఆలస్యం చేసినట్టే. ఆలోచనలను, అలవాట్లను మాటలతో, అభ్యాసాలతో మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ దీనికి బాగా పనిచేస్తుంది, సాధారణంగా 12 నుంచి 16 వారాలు పడుతుంది. అవసరమనుకుంటే సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులు ఇస్తాం. వాటి ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. అవి ఎవరికి, ఎంత అన్నది చూసిన డాక్టరే నిర్ణయించాలి కనుక ఈ పేర్లు పట్టుకుని మళ్లీ మెడికల్ షాపుకు వెళ్లకండి.

డాక్టర్‌ను కలిసేలోపు చిన్న అభ్యాసం మొదలుపెట్టవచ్చు. గాంధీ రోడ్డులో సాయంత్రం రద్దీలోనో, బ్రహ్మోత్సవాల రోజుల్లోనో వద్దు. మధ్యాహ్నం పూట మీ వీధిలోని కిరాణా కొట్టుకు వెళ్లి కందిపప్పు కిలో ఎంతో అడిగి, ఏమీ కొనకుండా "మళ్లీ వస్తానన్నా" అని చెప్పి రండి. గుండె దడ వస్తుంది, రానివ్వండి. అది కాస్త నెమ్మదించేవరకు అక్కడే నిలబడండి. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం, చెప్పవలసిన వాక్యాన్ని దారంతా వల్లించుకోవడం మానేయండి. మీ గొంతు ఎలా వినిపిస్తోందో అని గమనించుకోకుండా, కొట్టతను తూకం వేయడాన్ని చూడండి. ఇదే పనిని నాలుగైదు రోజులు చేసి, తేలిక అనిపించిన తరువాత రైతు బజారులో టమాటాలు అర కిలో అడిగి ఏరుకోండి, ఆపైన చిల్లర లెక్క అడగండి. బట్టల షాపులో నాలుగు చొక్కాలు తీయించి "నచ్చలేదండీ" అని బయటికి రావడం చివరి మెట్టు. రోజంతా పదేపదే మడతలు విప్పి చూపించే సేల్స్‌మన్‌కు మీ మాట మరుక్షణమే గుర్తుండదు.

ఈ వారంలోనే రుయా ఆస్పత్రి సైకియాట్రీ ఓపీలో గానీ, మీకు నమ్మకమున్న మానసిక వైద్యుడి దగ్గర గానీ చూపించుకోండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు అవసరం కావచ్చు. కాఫీ ఎన్నిసార్లు తాగుతారో కూడా చెప్పండి, వణుకుకు దానికీ సంబంధం ఉంటుంది. వెళ్లడానికి బెరుకుగా ఉంటే ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. బతకడం దండగ అనిపించినా, ఫిట్స్ వచ్చినా ఓపీ కోసం ఆగకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లాలి. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పును, ఎప్పటి నుంచి ఎన్ని వేసుకున్నారో రాసిన కాగితాన్ని తప్పకుండా వెంట తీసుకెళ్లండి.